బట్టు నంబరు రెండొందల పదిహేడు

రాజమొగిలీ, ఇగ పట్టు.
మూతి నా దిక్కు కాదు, నేల దిక్కు.
ఖాళీ అని చెప్పిన తుపాకిని సుత
నిండిందే అనుకోవాలె.
మా ఉస్తాద్ యాకూబ్ అలీ నాకు చెప్పిన మొదటి మాట ఇది.
రెండో మాట చెప్పెటానికి ఆర్నెల్లు పట్టింది ఆయనకు.

ఇది నాకన్న పదహారేండ్లు పెద్దది.
ఎవరి యుద్ధానికో పుట్టి, ఏ గూడ్సు బండ్లల్లనో తిరిగి
మామునూరు కొట్టుగదిల పడ్డది.
కట్టె రెండుసార్లు మారింది,
ఒకసారి చెదలకు, ఒకసారి యాకయ్య మోటర్ సైకిల్ మీదికెల్లి పడ్డందుకు.
ఇనుము మాత్రం అదే.

నీళ్లు మరుగుతున్నయా చూడు.
పాత తూటా పేలినంక గొట్టంల ఉప్పు మిగులుతది,
నూనెకు లొంగదు అది.
గరాటు పెట్టి సలసల కాగేటివి పొయ్యాలె.
మూతికెల్లి ముందు నల్లటి నీళ్లు,
ఎనుక బూడిద రంగువి,
ఆఖరికి తాగబుద్ధయ్యేటంత తేటగ.
అప్పుడు దారం దింపు, గుడ్డ గుంజు. నడుమ ఆపొద్దు.
నూనె ఎక్కువేస్తే దుమ్ము తింటది,
తక్కువేస్తే వాన తింటది.
వానకాలమంత దీన్ని బాలింత లెక్క చూసుకోవాలె.

ఆ ఎర్రట్ట రిజిస్టరు తియ్యి.
ఓదెలు. తర్వాత వెంకటనర్సు. తర్వాత ఇంకో ఓదెలు.
ఒకరికి షుగరు, ఇద్దరికి తాగుడు,
ఒకరు తాడ్వాయి తొవ్వల, మందుపాతర మీద.
తొమ్మిది సంతకాలు ఆగిపోయినయి.
బోల్టు గుంజి చూడు,
వెన్నల కత్తి దిగినట్టు జారుతది.

ఒక్క పేజీ కాడ నా వేలు ఆగుతది.
శ్రావణమాసం, కోడి కూయకముందు,
ఏటూరునాగారం అడవికెల్లి జీపు వచ్చింది.
పోయేటప్పుడు పది రౌండ్లు. వచ్చేటప్పుడు ఏడు.
తెచ్చిన పోరనికి గడ్డం ఇంకా సరిగ రాలే.
గడప బయటనే నిలబడి
జెల్ది కడగండి సార్ అన్నడు.
మూడు ఏడికి పోయినయో రిజిస్టరు అడగదు.
నేను సుత అడగలే.
కడిగిన. ఆనాడు రెండో కెటిలు సుత పెట్టిన పొయ్యి మీద.
తెల్లారి పేపరు చదవలే.

మంచిగ చూసుకుంటే తుపాకి నూరేండ్లు ఉంటదని
కొత్తగ వచ్చిన ప్రతి బ్యాచికి చెప్పిన,
ఛాతీ ఇరిసి చెప్పిన.

పోయిన ఎండకాలం గొట్టాన్ని కిటికీకి ఎత్తి చూస్తే
మెలిక తిరిగిన వెలుగు నడుమ
నువ్వుగింజంత మచ్చ.
తుప్పే అనుకున్న. మూడు దినాలు రుద్దిన.
నువ్వొచ్చి చూసి, సాఫుగనే ఉన్నది సార్ అన్నవు.
ఎంజీఎంల డాక్టరమ్మ నా కన్నుల లైటు కొట్టి
మచ్చ ఏడున్నదో చెప్పింది.

కాయితం నువ్వు సుత చూసినవు గద.
తొంభై రెండు రైఫిళ్లు, కండెం.
అరిగినందుకు కాదు, పాతవైనందుకు.
సోమవారం గ్యాస్ కట్టర్ వస్తది.
కోతకు పోయేదాన్ని కడుగుడెందుకు అని
నీ మొఖంల కనవడుతున్నది.
యాకూబ్ అలీ ఉంటే తిట్టెటోడు.

ఆయన పోయిననాడు మట్టెవాడల వాళ్లింటి ముంగట
తలుపు అవుతల నిలబడి
లోపల ఆయనకు పోస్తున్న నీళ్ల చప్పుడు విన్న.
మూడుసార్లు పోసిన్రు.
గంతే, ఇంకేం చెప్పను.

మిగిలిన నూనె డబ్బా నేను తీసుకపోత, రిజిస్టర్ల రాయి.
ముప్పై నాలుగేండ్లల్ల స్టోరు సామాను
ఇంటికి తీసుకపోవుడు ఇదే మొదలు.
కనకలక్ష్మి కుట్టుమిషను కిర్రుమంటున్నది,
రెండు చుక్కలు చాలు దానికి.

నీళ్లు మరిగినయి.
ఇయ్యాల నువ్వు పొయ్యి, గరాటు నేను పడ్త.
రంగు నాకు ఆనుతలేదు.
తేటగ వచ్చినప్పుడు చెప్పు.