రెండో ఊపిరి

మూడుంబావు.
టార్చి వెలుగు పైకప్పు మీదికి వేసి
కొసరు వెలుతుర్లో దుప్పటి చూస్తాను.
లేచింది. పడింది. మళ్ళీ లేచింది.
రెండు ఊపిర్లు చూస్తే గాని టిక్కు పెట్టకూడదు,
మొదటిది మన ఆశే కావచ్చునని
సీనియర్ నర్సు మెరెడిత్ నేర్పిన లెక్క.

ఇక్కడ తలుపులకు లోపలి గడియల్లేవు,
బూట్లకు తాళ్ళు లేవు,
కర్టెన్ కడ్డీ కాస్త బరువు పడితే ఊడొస్తుంది.
టీ కూడా గోరువెచ్చగానే ఇస్తాం.

ఆరో గదిలో గ్లెనిస్ నిద్రపోదు.
స్వాన్సీ మార్కెట్లో ముప్పై ఏళ్ళు చేపలు కోసిన చేతులు
సూదుల్లేకుండా, ఉన్ని లేకుండా
ఏదో అల్లుతూనే ఉంటాయి.
"ఎవరికి?" అన్నాను.
"నీకే. మెడ కొలతెంత?"

మెడ.
ఈ వార్డులో ఆ మాట వినగానే
నా చెయ్యి దానంతటదే
నడుముకున్న అలారం మీదికి పోయింది.
ఆమె చూసింది.
కాసేపు అల్లిక ఆపింది.
"పోనీలే, చేతి తొడుగులు అల్లుతాను."

ఫారంలో రాశాను:
మెలకువగా ఉంది, ప్రశాంతం.
అల్లికకు గడి లేదు.

పొద్దున మొదటి బస్సు.
కిటికీకి తల ఆనించి ఎవరో పెద్దాయన నిద్ర.
ఆయన కోటు గుండీల మీద నా కళ్ళు ఆగిపోయాయి.
ఒకటి.
రెండోది రావడం ఆలస్యమైంది.
నా స్టాపు దాటిపోయింది.

వానలో వెనక్కి నడుస్తూ
జేబుల్లోంచి చేతులు బయటికి తీశాను,
వేళ్ళు ఎడంగా చాపి,
ఎవరికో కొలత ఇస్తున్నట్టు.