పేరులేని బటన్ల బారసాల

బ్రాడీపేటలో తప్పిపోవడం కష్టం.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే
ఆటోవాడు మారు మాట్లాడడు.
మా ఆఫీసు అక్కడే, జిరాక్సు షాపు పైన.
మెట్లు పద్దెనిమిదని నాకు ఆ రోజుదాకా తెలియదు.
దయామణి గారు ఎక్కొచ్చి చెప్పారు
కర్ర మడిచి సంచిలో పెట్టుకుంటూ,
"పదకొండోది అంచు విరిగింది, చూసుకోండి."

కరెంటాఫీసులో టెలిఫోను ఆపరేటరు ఆవిడ.
ఏ పేటలో ఎప్పుడు దీపాలు పోయాయో
ముందు ఆవిడ చెవికి తెలుస్తుంది.
మా బస్సు టికెట్ల యాప్ గురించి
మూడుసార్లు రాశారు.
మూడుసార్లూ "చూస్తాం" అని జవాబిచ్చాను.
కళ్లున్నవాడికి ఎంత తేలిక, ఆ మాట!

ఫోను బల్లమీద పెట్టి వేలు జరిపారు.
డబ్బాలో కందిపప్పు పోసినంత వేగంగా
లోపలి గొంతు వాగుతోంది,
నా కోసం నెమ్మది చేశారు.
"బటన్."
"బటన్."
"బటన్."
"లేబుల్ లేని బటన్."
"ఈ నలుగురిలో, బాబూ,
నన్ను నరసరావుపేట తీసుకెళ్లేదెవరు?"

ఎలాగో ముందుకెళ్తే
మీరు మనిషేనా అని అడిగింది యాప్,
బస్సులున్న బొమ్మలన్నీ ఏరమంది.
ఆవిడ పకపకా నవ్వారు.
"బస్టాండులో నిలబెట్టండి నన్ను,
గేరు మార్చిన చప్పుడుకే చెబుతా
అది పల్లెవెలుగో, ఎక్స్‌ప్రెస్సో,
డ్రైవరు కొత్తవాడో పాతవాడో కూడా.
బొమ్మలో బస్సు మాత్రం నాతో మాట్లాడదు."

ఓటీపీకి మేమిచ్చింది ముప్పై సెకన్లు.
గొంతు ఆరో అంకె చదివేసరికి
గడువు అయిపోయింది.

అప్పుడు నా ఫోను అడిగి తీసుకుని
తెర మొత్తం నల్లగా చేసి, గొంతు పెట్టి
నా చేతికిచ్చారు. "మీరు నడపండి."
రెండేళ్లు కూర్చుని రాసిన యాప్.
ఏ గది ఎక్కడుందో నిద్రలో చెబుతాను.
మొదటి పేజీ దాటలేదు.
నేను కట్టిన ఇంట్లో నాకే గుమ్మం దొరకలేదు.
చెమట పట్టింది, ఏసీ నడుస్తూనే ఉంది.
ఆవిడేమీ అనలేదు.
మంచినీళ్లు అడిగారంతే.

ఆ రాత్రి ఆఫీసులో బారసాల చేశాం.
పళ్లెంలో బియ్యం లేవు, ఉంగరం లేదు,
మిరపకాయ బజ్జీలు మాత్రం ఉన్నాయి.
ఒక్కో బటన్‌నీ ముందేసుకుని
నస్రీన్ పైకి చదివి పేరు పెట్టింది.
"వెనక్కి." "ఎక్కే చోటు."
"కిటికీ పక్క సీటు, ఖాళీ."
మూల మీద ఒక గుండె బొమ్మ ఉంది,
అదేం చేస్తుందో మాలో ఎవరికీ తెలియదు.
పేరు దొరకనిదాన్ని తీసేశాం.

ఇంటికెళ్లబోతూ నస్రీన్ ఆగింది.
"మా అబ్బా మిర్చి యార్డులో గుమాస్తా.
ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు ఆయనకి.
కాయ విరిచి, ఘాటు పట్టి రకం చెబుతాడు.
తప్పు చేస్తే మనం గీసే ఎర్రగీత
ఆయనకేం ఘాటు కొడుతుంది?"
మళ్లీ కూర్చున్నాం.
గీత పక్కన మాటలు రాశాం,
"ఫోను నంబరులో ఒక అంకె తగ్గింది" అని.
తెల్లారింది.

పది రోజులకి ఫోనొచ్చింది, వెనక హారన్ల మోత.
"ఫిరంగిపురం దాటాం.
కిటికీ పక్కదే. నేనే తీసుకున్నా,
ఎవర్నీ బతిమాలకుండా."
థాంక్స్ చెబుతారేమో అనుకుని
సర్దుకుని కూర్చున్నాను.
"టికెట్టు రద్దు చేసే పేజీలో
ఒకటింకా బటన్ అనే అంటోంది, చూడండి."

చూస్తాం అనబోయి ఆగాను.
"ఇవాళే పెడతాను, పేరు," అన్నాను.

పెట్టాను కూడా.
పదకొండో మెట్టు మాత్రం
ఓనరు ఇంకా బాగుచేయించలేదు.
రాత్రి కరెంటు పోయినప్పుడు
గోడ పట్టుకుని
లెక్కపెట్టుకుంటూ దిగుతున్నాను.