బోరింగు స్టాపు

ఆఫీసు గోడకి నెల్లూరు పటం అతికించి
నాకొక రబ్బరూ పన్నెండు రంగు పెన్సిళ్లూ ఇచ్చారు.
పైన పెన్న.
మధ్యలో రైలు పట్టాలు,
ఊరిని కోసి, కుట్టడం మరిచిపోయినట్టు.
సిటీ రూట్లన్నీ మళ్లీ గియ్యాలి.
"కొత్త బండ్లు రావు, ఉన్న పద్నాలుగే.
నిమిషాలు మిగిలించు" అన్నారు మేనేజరు.

కోసిన మడిలో పరిగె ఏరుకున్నట్టు
నిమిషాలు ఏరుకుంటున్నాను.
మద్రాసు బస్టాండు దగ్గర రెండు దొరికాయి.
విజయమహల్ గేటు మింగేవి నా చేతిలో లేవు.
మాగుంట లేఔటు కింద బ్రిడ్జి
చినుకు పడితే చెరువు, అదీ వదిలేశాను.

ఏడో నంబరు
ఆత్మకూరు బస్టాండు నుంచి తిన్నగా వస్తా వస్తా
ఒక్క చోట మోకాలు వంచుతుంది.
సందులోకి దూరి, ఆగి, మళ్లీ రోడ్డెక్కుతుంది.
ఆరు నిమిషాలు.
స్టాపు పేరు బోరింగు.
పోయి చూశాను. బోరింగు లేదు.

రికార్డుల్లో కారణం రాసి లేదు.
రిటైరైన కండక్టరు కాలేషాని కోటమిట్టలో పట్టుకుంటే
బీడీ ఆర్పి నవ్వాడు.
"అదా? అప్పుటి బండికి దప్పిక జాస్తి అబ్బయా.
సగం దూరం రాంగానే పొగలు కక్కేది.
ఆడ బోరింగుండె. నేను కొడతా ఉంటే
డ్రైవరు పెంచలయ్య బక్కెట్టు పట్టేవోడు.
అది నీళ్లు తాగిందాకా ఆగేవోళ్లం, అంతే.
స్టాపని పేరు పెట్టింది జనం, మేం గాదు."

ఆ బండి తుక్కుకి పోయి ఇరవై ఆరేళ్లు.
తర్వాతొచ్చిన వాటికి దప్పిక లేదు.
అయినా ముందు బండి అడుగులో అడుగేసి
తాగకుండానే వంగి, లేచి, పోతున్నాయి.

ఈలోగా ఆ వంపులో మనుషులు పేరుకున్నారు.
బస్సాగుతుందని దోసెల బండి,
దోసెకి నిలబడేవాళ్ల ముందు
జాకెట్లు కుట్టే సుగుణావతి మిషను,
కళ్లు కనపడని హార్మోనియం మాస్టారు.
మెట్టు దిగితే బస్సని
ఆ ఇల్లే అద్దెకి తీసుకున్నాడట,
వంటింట్లో వాన కారుతున్నా.

పటంలో కింద మూలన కొత్త కాలనీ.
ఇళ్లు మూడొందలు, బస్సు లేదు.
రొయ్యల కంపెనీకి పోయే ఆడవాళ్లు
ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు, మనిషికి ముప్పై.
ఆరు నిమిషాలు, పదకొండు ట్రిప్పులు.
వాళ్లకి పొద్దునొకటి, చీకటిపడ్డాక ఒకటి.
లెక్క సరిపోయింది.
లెక్క సరిపోవడమే నాకు నచ్చలేదు.

చెరిపాను. రబ్బరు పొడి ఊదాను.
రంగు పోయింది గానీ
కాగితం అక్కడ పల్చబడి
వంపు తెల్లగా కనపడుతూనే ఉంది.

"రోడ్డు దాకా ఎన్నడుగులు?" అడిగింది సుగుణావతి,
దారం పంటితో కొరికి.
లెక్కపెట్టి చెప్పాను, నాలుగు వందల పన్నెండు.
"నాకైతే సరే. మాస్టారికి మాత్రం నువ్వే చెప్పు."
చెప్పలేదు. స్తంభానికి నోటీసు అంటించి వచ్చేశాను.
ఆయన చదవలేడని
జిగురు ఆరాక గుర్తొచ్చింది.

ఒకటో తారీకు, మొదటి ట్రిప్పు.
డ్రైవరు ఓబులేసు వెనక సీట్లో నేను.
కూతురి కాలేజీ ఫీజు గురించి ఏదో చెబుతా చెబుతా
సందు రాగానే స్టీరింగు తిప్పేశాడు.
బస్సులో ఒక్కరూ అరవలేదు.
దోసె పొగ లోపలికొచ్చింది.
చప్పుడు విని మాస్టారు
అప్పటికే చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు.

ఓబులేసు అద్దంలోంచి నన్ను చూశాడు.
నేను కిటికీలోంచి బయటికి చూశాను.
అవతల కాలనీ మలుపులో
వాళ్లు టైము చూసుకుంటా ఉంటారు, తెలుసు.

డిపోలో షీటు నింపాను.
ఆలస్యం: ఆరు నిమిషాలు.
కారణం అనే గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆడలేదు.
తర్వాత రాశాను,
నీళ్లకి.