అక్కడ ఏటి తింతారు?

నార్వే నించి వొచ్చిన మూడోరోజు
భావనపాడు రేవులో వల చిక్కు తీస్తూ
పోలయ్య చిన్నాన్న అడిగాడు:
"ఏరా కూర్మారావూ, అక్కడోళ్లు
మంచుగెడ్డలు కోసి ఇల్లు కట్టుకుంతారట గదా?"

లేదన్నాను.
కర్ర ఇళ్లు, ఎర్రరంగు పూసినవి.
లోపల మన టీకొట్టుకన్నా ఉక్క.
లుంగీ కట్టుకునే తిరిగీవోణ్ని.

చిన్నాన్న మొహం చిన్నబోయింది.
అంత దూరం పోయి
ఒక్క మంచిల్లయినా తేలేకపోయాను.

"ఆర్నెల్లు పొద్దే పొడవదట?"
అన్నాళ్లు కాదు. ఉన్నన్నాళ్లూ పూర్తి చీకటీ కాదు,
మజ్జాన్నం కాసేపు
కవ్వచేప వీపులా నీలంగా ఉంటాది.
"తిమింగలం వొండుతారట?"
ఒకసారి పెట్టారు. పెట్టినోడే తినలేదు.

మరి నువ్వేటి సేసినావక్కడ, అంది బడే దానమ్మ.
నలభయ్యేళ్లుగా ఇసకలో
నెత్తళ్లు ఆరబోస్తున్న చేతులామెవి.
చేపలెండబెట్టాను, అన్నాను.
రెండేసి చేపల్ని తోకలకి ముడేసి
దూలాల మీద వేలాడదీయడం.
ఉప్పు లేదు. ఎండ లేదు.
గాలే మూడు నెల్లు పీల్చి పీల్చి కర్ర చేసేస్తాది.

"ఎండ లేకండా ఎండుసేపేట్రా,
పేరే తప్పు గదా!"
రేవంతా నవ్వింది.
నేనూ నవ్వాను గాని
మొదటి రాత్రి బస్సు దిగి, ఒక్క అక్షరం చదవలేక నిలబడితే
నన్ను పనిచోటుకి చేర్చింది
మా పెరటి వాసనే.

సోల్వెయ్ అని, క్యాంటీన్లో వొండే మనిషి,
నా పళ్లెం పక్కన రోజూ మిరపకాయ సీసా పెట్టేది.
నోరు మండకపోతే నాకు ముద్ద దిగదని ఎవరో చెప్పారట.
మా వైపు పులుసులో బెల్లం వేస్తారమ్మా, అన్నాను.
ఆమె మొహం అచ్చం చిన్నాన్న మొహం.
చూడలేక సీసా వొంపుకున్నాను.
దగ్గి, కళ్లనీళ్లు కారి, ముక్కు చీదితే
ఎంత సంతోషపడిందో!

నా గది పంచుకున్న గుంటూరు వెల్డరు
"శ్రీకాకుళమా? అంబలి బ్యాచ్!
ఏదీ, ఓసారి మీ యాసలో తిట్టు" అనేవాడు.
చలికి దుప్పట్లో వొణుకుతూ కూడా అదే కోరిక.
శనివారం వొస్తే ఆ ఊరు ఊరంతా
పాలలో వరి ఉడకబెట్టి, మీద వెన్నా చెక్కపొడీ వేసి
జావ తాగుతుంది.
గిన్నె ముందు వాడూ నేనూ.
రెండోసారి వడ్డించుకున్నది వాడే.
నేనేం అనలేదు.
మన తిట్లన్నీ దాచుకున్నాను, దేనికైనా పనికొస్తాయని.

ఇదీ చెప్పాను రేవులో.
ఎవడూ నమ్మలేదు.
అంత డబ్బున్న దేశం జావ తాగడమేటి?

అప్పుడు సంచిలోంచి తీశాను
గుడ్డలో చుట్టి తెచ్చిన ఒక చేప.
దానమ్మ వేలితో కొట్టి చూసింది: తలుపు చప్పుడు.
రోకలితో నలగ్గొట్టింది.
రెండు రాత్రులు నీళ్లలో నానేసింది.
చింతపండు, ఆవపిండి, బెల్లం,
ఆఖర్న మా ఎండలో ఎండిన నాలుగు నెత్తళ్లు
తోడుండాలని.

చిన్నాన్న మొదటి ముక్క చాలాసేపు నమిలాడు.
కళ్లు మూసుకున్నాడు.
"ఉందిరోయ్" అన్నాడు.
"మంచు! నాలిక్కి సల్లగా తగిల్తంది."

పులుసు పొగలు కక్కుతోంది.

అవును చిన్నాన్నా, అన్నాను.