పాచి పని

సొహార్‌లో తెల్లారకముందే చొక్కా తడిసి ముద్ద.
ఉప్పునీటి కాలువలో తెడ్డు చక్రం
ఆగిందా, పాచి అడుక్కి దిగి కుళ్ళుతుంది.

నిన్న ఆవిరైనంత నీళ్ళు పోసి
లెక్క రాస్తాను:
పెంచడానికి ఇంత, వడకట్టడానికి ఇంత,
ఆరబెట్టడానికి...
ఇక్కడ పెన్సిల్ ఆగుతుంది.
మా లీటరు నూనె ఖర్చుకి
గేటవతలి బంకులో ట్యాంకు నిండుతుంది.

"ఇంధనం మాట తర్వాత,
ముందు నారింజ రంగు తీసి గ్రాముల్లో అమ్ముదాం"
అన్నాడు బలూషీ సారు, నా వైపు చూడకుండా.

కువైట్‌లో పదకొండేళ్ళు పాచిపని చేసొచ్చిన అమ్మ
ఫోన్లో అంతా విని పగలబడి నవ్వింది:

"ఆ గిన్నెల్లో నేను వదిలించిన జిడ్డంతా
దాచి ఉంటేనా,
మీ కంపెనీ ఈపాటికి
లాభాల్లో ఉండేదే సుభాషిణీ!"