సుత్తి దెబ్బకు బదులు

రాత్రి రెండున్నర.
గుంతకల్లు జంక్షన్లో ఏదో గూడ్సు ఆగి
పొడుగ్గా ఊపిరి వదిలింది.
స్టేషన్ రోడ్డులో రక్తపరీక్షల ల్యాబు మేడమీద
నేనూ, ఒక పాత సర్వరూ మేలుకొని ఉండాం.
నిన్న దాని ఫ్యాను రెక్కలు తుడిస్తే
గుప్పెడు ఎర్రమట్టి రాలింది.
లోపల పదిహేడు వందల నలభై ప్యాకేజీలు.
ఏది పాతబడిందో, ఏది పడలేదో
డాక్టరమ్మ అడిగితే నాకాడ జవాబు లేదు.
అందుకే ఇది రాస్తాండా,
నలభై వరసల చిన్న స్క్రిప్టు.

మా నాయన నెట్టికల్లు ముప్పై ఏండ్లు
రైలు చక్రాలను సుత్తితో కొట్టి బాగోగులు అడిగినాడు.
ఆగిన బండి పొడుగునా ఒక లాంతరు నడిచేది.
ఠంగ్... ఠంగ్... ఠంగ్...
బాగున్న చక్రం గంట మాదిరి పలికేది,
బీటిచ్చినది కుండ మాదిరి
డబ్బుమని ఊరుకునేది.
నా స్క్రిప్టూ అంతే.
పేరుపేరునా తట్టి అడుగుతాది:
నీ అంకె ఎంత?
నిన్ను చేసినోళ్ల కాడ ఇప్పుడున్న అంకె ఎంత?

మొదటి రాత్రే బోల్తా కొట్టినా.
ఒకటి పాయింటు తొమ్మిది పెద్దదంట,
ఒకటి పాయింటు పది చిన్నదంట!
లెక్కల సారు ఓబులేసును అడిగినా
అదే మాటంటాడు, ఆయన తప్పు కాదు.
ఈడ చుక్క దశాంశం కాదు, గడప.
దాటితే ఇంకో గది,
లెక్క మళ్లీ ఒకటి నుంచి.

రెండో రాత్రి తెరంతా ఎరుపు.
మూడు వందల పన్నెండు పాతవని తేల్చింది.
కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.
ఒక్కోటి విప్పి చూస్తే
అంకె పాతదే,
గాయాలకు మాత్రం కుట్లు పడినాయి.
డిస్ట్రిబ్యూషన్ వాళ్లెవరో, ముఖం తెలియనోళ్లు,
కొత్త మందును పాత సీసాలోనే పోసి
అంకె తోకన చిన్న గుర్తు పెట్టి పోయినారు.
నాయనకు చెప్తే
ఉగ్గాని పొట్లం విప్పుతా అన్నాడు:
"ముద్ర చూసి చక్రం వయసు చెప్పకూడదురా.
లేతుకు పోయొచ్చిందో లేదో చూడల్ల."
తోకను కూడా చదవమని
ఇంకో తొమ్మిది వరసలు.

ఎరుపు పందొమ్మిదికి దిగింది.
పందొమ్మిదీ తెల్లారేలోగా మార్చేసినా.
చాలు, పండుకుందామనుకున్నా.

పచ్చగా ఉన్నదాన్ని ఎందుకు తాకినానో తెలీదు.
రక్తకణాలు లెక్కపెట్టే మిషన్‌తో
మాట్లాడే చిన్న లైబ్రరీ అది.
ఈడున్నదీ, ఆడున్నదీ ఒకే అంకె. తప్పేం లేదు.
చేసినోని చివరి మార్పు
పదకొండేండ్ల కిందటిది.
"ఇంకో లోపం కనపడింది, వచ్చే వారం సరిచేస్తా"
అని ఒక వాక్యం.
ఆ వారం రాలేదు.

కొత్తది పుట్టలేదు కాబట్టి
ఇది పాతది కాలేదు.
దీనికి ఏ రంగు పెట్టల్ల?

"నాయనా, ఠంగూ కాకుండా, డబ్బూ కాకుండా
ఇంకో శబ్దం ఉంటాదా?"
పొడుగు లారీ ఒకటి పొయ్యేదాకా ఆగి
వినపడే చెవి నా పక్కకు తిప్పినాడు.
"శబ్దం మీద నమ్మకం కుదరకపోతే
ఇరుసు పెట్టె మీద చెయ్యి పెట్టేటోణ్ణి.
వేడి చేతికి తెలుస్తాది."

స్క్రిప్టుకు చెయ్యి లేదు.
మూడో గడి ఒకటి గీసి
"చెయ్యి పెట్టి చూడాల్సినవి" అని పేరు పెట్టినా.
రోజూ రాత్రి మూడుకు
తానే లేచి తట్టుకుంటా పొమ్మని చెప్పి
కుర్చీలోనే కన్ను మూసినా.

ఆరుంబావుకు షట్టరెత్తితే
కసాపురం నుంచి పరగడుపున వచ్చిన హనుమక్క
మోచెయ్యి చాపుకుని కూచుంది.
మిషన్ గుర్రుమని తిరిగి
ఒక అంకె చెప్పింది.

ఆ అంకెను నేను
రెండుసార్లు చదివినా.