తాళంచెవి దోరీన్ దగ్గర

మ్యూజియం తలుపు మీద అట్టముక్క నేనే తగిలించాను:
తాళంచెవి దోరీన్ స్క్వారుక్ దగ్గర. ఫోన్ చెయ్యండి.
ఎత్తకపోతే తోటలో ఉన్నట్టు. ఒక కేక వెయ్యండి.
క్విల్‌బీలో కేక చాలు.
ఊరు మొత్తం నూట పన్నెండు మంది,
గాలికి అడ్డు మాత్రం ఎవరూ లేరు.

చూడ్డానికి ఏముంది అని అడుగుతారు,
కారు ఇంజను ఆపకుండానే.

ఎనిమిది గుడారాల జాగాలున్నాయి, ఆరింటికి కరెంటు.
రాత్రికి పదిహేను డాలర్లు, రేకు డబ్బాలో వెయ్యాలి.
లెక్క మీది, నమ్మకం మాది.
స్నానాల గదిలో వేడినీళ్లు మూడు నిమిషాలే,
సబ్బు ముందే రాసుకోండి.
గోల్ఫ్ ఉంది, తొమ్మిది గుంటలు,
పచ్చిక బదులు నూనె కలిపిన ఇసుక;
ఆట అయ్యాక పలక లాగి
మీ అడుగులు మీరే చెరిపేసి పోవాలి.
గురువారం హాల్లో పెరోగీలు.
నార్వే వాళ్ల కోడళ్లు చేస్తారు,
మా ఉక్రేనియన్ ముసలమ్మలు వంకలు పెడుతూ తింటారు.

చరిత్రా? కొంచెం ఉంది.
రైలు ఈ గడ్డి మీద ఓనమాలు దిద్దుకుంటూ వచ్చింది,
ఎనిమిది మైళ్లకో స్టేషను, స్టేషనుకో అక్షరం.
పి కి ఎవరో పెద్దమనిషి దొరికాడు.
క్యూ దగ్గర పెన్ను ఆగిపోయింది.
చివరికి గుమాస్తా తన పిల్లి పేరు పెట్టాడట.
పిల్లి ఎన్నడూ ఇటు రాలేదు.
మా తాత హ్రిహోరీ వచ్చాడు,
మొదటి చలికాలం మట్టిపెళ్లల ఇంట్లో, ఆవుతో ఒకే గదిలో.
వెచ్చదనానికి అద్దె గడ్డిపరకల్లో కట్టానురా అనేవాడు.

నాలుగు గాదెలుండేవి, ఇరవై మైళ్లకు కనబడేవి.
చివరిదాన్ని కూల్చిన రోజు బడికి సెలవిచ్చారు.
మరుసటేడు బడికే సెలవొచ్చింది.
గాదె ఒరిగిన చప్పుడు నాకు గుర్తులేదు.
దుమ్ము గుర్తుంది,
డెబ్బై ఏళ్ల గోధుమ దుమ్ము
ఇంటింటి కిటికీ మీదా వచ్చి కూర్చుంది.
వారం రోజులు గుడ్డ ముట్టుకోలేదు నేను.

పోయిన జూలైలో ఒకావిడ కేక వేసింది.
వెర్నా నాపేసిస్, ఉత్తరాన క్రీ వాళ్ల ఊరు నుంచి.
మట్టిచేతులతోనే తాళం తీశాను.
మొదటి అద్దాలపెట్టెలో మా అమ్మ చేతిరాత:
"1908. ఇక్కడ మొదటి మనుషులు దిగారు."
చదివింది. మళ్లీ చదివింది.
రాయి ఎక్కడుంది? అంది.

ఏ రాయి?

నాలుగో నంబరు జాగాలో ఉన్నదే.
పిక్నిక్ బల్ల గొలుసు, వచ్చినవాళ్ల కుక్కలు,
నలభై ఏళ్లుగా అన్నీ దానికే కడుతున్నాం.
నడుమెత్తు రాయి, అంచులు అద్దంలా నునుపు.
వానకి అరిగిందన్నాను.
వాన ఇంత ఓపిగ్గా ఒకే ఎత్తున రుద్దదు, అంది.

అడవిదున్నలు.
బొచ్చు ఊడే కాలంలో ఒళ్లంతా దురద,
మందలో ఇంకెక్కడా చెట్టు లేదు, రాయి లేదు,
ఒకదాని వెనక ఒకటి, ఎన్ని వేల వేసవులో.
చుట్టూ ఉన్న పల్లం వాటి తొక్కుడే.
ఆ పల్లంలో నీళ్లు నిలుస్తున్నాయని
నేను టౌన్ ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను.

మా అమ్మమ్మకి అమ్మమ్మ దీని పక్కనే పుట్టింది,
అందావిడ, బస్సు టైము చెప్పినట్టు.
వద్దన్నా పదిహేను డాలర్లు డబ్బాలో వేసి
రాత్రికి అక్కడే పడుకుంది.

గొలుసు తాళం తుప్పు పట్టిపోయింది.
మా ఆయన రంపంతో కోశాను, చీకటి పడిందాకా.
తర్వాత మ్యూజియంకి వెళ్లి
"మొదటి" అన్న మాట గీకేశాను.
వాక్యం ఇంకా సరిగ్గా కూర్చోలేదు.
ప్రస్తుతానికి పెన్సిలుతో ఉంది.

నాలుగో నంబరు ఇక అద్దెకివ్వం.
ఏడు జాగాలు, ఐదింటికి కరెంటు.
ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు
నేనూ దానికి వీపు ఆనించాను.
పగటి ఎండ ఇంకా అందులోనే ఉంది.

వేడినీళ్లు మాత్రం ఇప్పటికీ మూడు నిమిషాలే.